పటం ఎవరి అరుగు మీద పరవాలె?

కడుపు నిండనోడికి ఆటలెందుకు, ఉద్యమం నడిపేటోడికి అసలే ఎందుకు అని అడిగేటోళ్ళు బయట లేరు, మనలోనే ఉన్నరు. పోయిన నెల మా హాలియాలో ఒక చిన్న తగువు నడిచింది. పైకి చూస్తే అది ఫ్యాన్ల తగువు, చాయ్ తగువు. నా లెక్కన మాత్రం ఇది చదివే ప్రతి వాడకు సంబంధించిన తగువు. అందుకే రాస్తున్న.

హాలియా సంగతి తెలిసినోళ్ళకు తెలుసు. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు ఇడిచినంక ఎడమ కాలువ కింద వరి పెరిగింది. వరితో పాటు మిల్లులు, ఎరువుల దుకాణాలు పెరిగినయి. నీళ్ళు భూమి ఉన్నోడి పొలంలోకి పోయినయి, నాట్లు మాత్రం మన ఆడోళ్ళ నడుముల మీదికి వచ్చినయి. 2018లో ఊరు మున్సిపాలిటీ గూడ అయ్యింది. ఇంత ఊరిలో ఆదివారం పొద్దు గూకినంక మన పిల్లగాడు పోయేందుకు రెండే చోట్లు ఉండె: బెల్టు షాపు, లేకుంటే సెల్‌ఫోను. మూడోది ఒకటి ఉండాలె అని రెండేండ్ల కింద కొందరం అనుకున్నం.

దానికి పేరు లేదు, బోర్డు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. మూతబడ్డ ట్యుటోరియల్ గది ఒకటి అగ్గువకు దొరికింది. రెండు క్యారం బోర్డులు, ఆరు చదరంగం పటాలు, ఒక సంచెడు చింతగింజలు, గవ్వలు. వచ్చేది పదిహేను ఇరవై మంది. ఇద్దరు ముగ్గురం టీచర్లం, ఒక ఎల్ఐసీ ఏజెంటు, ఎరువుల దుకాణం గుమస్తా, ఆటోలు నడిపే తమ్ముళ్ళు, ఇంటర్ చదివే పిల్లలు, పింఛను తీసుకునే ఒక ముసలాయన. అన్ని కులాలోళ్ళు ఉన్నరు. ఒకే ఒక కట్టుబాటు: పందెం లేదు, మందు లేదు. ఆరు గంటలకు మొదలైతే తొమ్మిదిన్నర దాక గవ్వల చప్పుడు, నవ్వులు, "అట్ల కాదన్నా" అనే లొల్లి.

ఇప్పుడు గది యజమాని గది కావాలన్నడు. ఎక్కడికి పోవాలె? రెండు దారులున్నయి. ఊరి పెద్దమనిషి ఒకాయన, పొలమూ మిల్లూ ఉన్నాయన, తన ఇంటి ముందు వరండా ఇస్తనన్నడు. ఫ్యాన్లు ఉన్నయి, మంచి నీళ్ళు ఉన్నయి, గంటకోసారి చాయ్ వస్తది, పైసా కిరాయి లేదు. రెండోది వాడలోని కమ్యూనిటీ హాలు. పెండ్లిండ్లకు, చావులకు తప్ప తాళం తియ్యరు. ఫ్యాను ఒకటే, అది గూడ తిరిగితే తిరిగినట్టు. మా గుంపులో ఎక్కువ మంది వరండా వైపే మొగ్గిండ్రు. మన తమ్ముళ్ళు గూడ. "సార్, ఆయన మంచోడే గదా, ఎప్పుడన్న కులం మాట ఎత్తిండా?" అన్నరు.

ఎత్తలేదు. ఆయన మంచోడే. నేను ఆయన గుణం గురించి మాట్లాడుత లేను, అరుగు గురించి మాట్లాడుతున్న. మంచోడి అరుగు గూడ అరుగే.

నల్గొండ జిల్లా పల్లెల్లో అరుగు అంటే ఏందో మన తండ్రులను అడగాలె. దొర అరుగు మీద కూసుంటడు, మనోడు కింద నిలబడుతడు. చెప్పులు చేతిలో ఉంటయి, రుమాలు భుజం మీదికెల్లి నడుముకు దిగుతది. ఆ అరుగుల మీద, రచ్చకట్టల మీద పచ్చీసు నడిచింది, పులి–మేక నడిచింది. మనోళ్ళకు ఆ ఆటలు రాక కాదు. మా నాయిన జీతమున్నోడు. పశువులను గుట్ట మీదికి కొట్టి, బండ మీద బొగ్గుతో గీతలు గీసి పులి–మేక ఆడేటోడు. ఆయనతో గెలిచినోడిని నేను చూడలే. కాని రచ్చకట్ట మీద ఒక్కనాడు కూసోలే. అక్కడ ఆట నడుస్తుంటే దూరంగ నిలబడి, పగ్గం చేత పట్టుకొని, లోపల లోపల ఎత్తులు వేసుకునేటోడట. తప్పు ఎత్తు వేస్తే చెప్పడానికి నోరు లేదు. చెప్తే "నీకెందుకురా" అంటరు.

అందుకే నేను అంటున్న, పటం ముందు కూసోవడం చిన్న సంగతి కాదు. మిగతా ఆటల్లో మనిషికి మనిషికి నడుమ మైదానం ఉంటది. పల్వంకర్ బాలూ సంగతి చూడండి. చమార్ కులంలో పుట్టినోడు, పూణెలో తెల్లదొరల జింఖానాలో పిచ్ చదును చేసే కూలి. బౌలింగులో ఆయనంతటోడు లేడని అగ్రకులాలోళ్ళ జట్టే పిలిచి ఆడించుకున్నది. బంతికి మైల లేదు గదా! కాని చాయ్ తాగే యాళ్ళకు అందరికి లోపల కప్పుల్లో, బాలూకు బయట మట్టి ముంతలో. 1911లో ఇంగ్లండుకు పోయి వందకు పైగా వికెట్లు తీసిన మనిషి ఆయన. (1937లో అదే బాలూను తీసుకొచ్చి కాంగ్రెసోళ్ళు బాబాసాహెబ్ మీద పోటీకి నిలబెట్టిండ్రు, ఓడగొట్టుకున్నరు. అది వేరే కథ.) క్రికెట్ల అట్ల దూరం పెట్టి ఆడించుకోవచ్చు. అష్టా చెమ్మాలో అట్ల కుదరదు. ఒకే చాప, ఒకే పటం, ఒకే గవ్వలు. వాడి చెయ్యి వదిలిన గవ్వలనే నీ చెయ్యి ఎత్తాలె. మోకాలికి మోకాలు తగులుతది.

తగిలితే ఏమైతదో చుండూరు చెప్పింది. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో గొడవ ఎక్కడ మొదలైంది? పొలం గట్టు మీద కాదు, కూలి రేటు కాడ కాదు. సినిమా హాల్లో. మన పిల్లగాడి కాలు ముందు కుర్చీలో కూసున్న అగ్రకులపోడికి తగిలింది. ఆ కాలు తగిలిన పాపానికి వెలి పెట్టిండ్రు, ఆగస్టు 6న వేటాడి నరికిండ్రు, ఎనిమిది మంది పోయిండ్రు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. పని చేస్తున్నప్పుడు మనం వాళ్ళకు కంటగింపు కాదు. తీరిగ్గ కూసున్నప్పుడు, పైసలిచ్చి టికెట్టు కొనుక్కొని పక్క కుర్చీలో నవ్వుతున్నప్పుడే కంటగింపు.

ఆ తీరిక గురించి బాబాసాహెబ్ రాసినంత గట్టిగ ఇంకొకరు రాయలేదు. కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్ళకు ఏం చేసిండ్రు అని 1945లో ఆయన తెచ్చిన పుస్తకం మన కార్యకర్తలు రాజకీయం కోసం చదువుతరు. అందులో యంత్రాలు వద్దనే వాదాన్ని కడిగిపారేసిన భాగం ఉన్నది. పశువు బతుకుకు మనిషి బతుకుకు తేడా సంస్కృతి, ఆ సంస్కృతి తీరిక లేకుండ రాదు, అందరికి తీరిక దొరకాలంటే యంత్రం కావాలె. ఇది ఆయన వాదం సారాంశం. రాసి ఊరుకోలేదు. 1942 నుంచి 1946 దాక వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిండు. 1946లో ఫ్యాక్టరీల చట్టం సవరణతో వారానికి 48 గంటల పని అన్నది ఆ పునాది మీద వచ్చిందే. జీతగాడికి మాత్రం గంటల లెక్క ఏ చట్టం రాలేదు. కోడి కూయకముందు పోయి దీపం పెట్టినంక వచ్చేటోడు. మా నాయినకు దొరికిన తీరిక పశువులు నీడకు పండుకున్న ఆ రెండు గంటలే. ఈయాళ ఆదివారం సాయంత్రం మూడు గంటలు మనవి అంటే, అవి ఊరికె రాలేదు. వాటిని తీసుకపోయి మళ్ళ ఒకరి అరుగు మీద పెడుదామా?

ఇక ఆటల సంగతి. ఏ ఆటైనా ఒకటే అనుకోవద్దు. పటం గూడ పాఠం చెప్తది, నోరు లేకుండ.

పోయిన ముక్కోటి ఏకాదశికి ఒకాయన వైకుంఠపాళి పటం తెచ్చిండు. పిల్లలు ఎగబడ్డరు, ఆడనిచ్చినం, నేను గూడ ఆడిన. ఆడినంక పటం మీద రాతలు చదివిపించిన. నిచ్చెనలకు పుణ్యాల పేర్లు, పాములకు పాపాల పేర్లు, అసురుల పేర్లు. పాము మింగితే జంతువు పుట్టుక కాడికి జారుతవ్. పై గళ్ళన్ని దేవలోకాలు. మంచిదే అనుకుందాం. కాని నిచ్చెన ఎక్కినోడు ఏం పుణ్యం చేసిండు? గవ్వలు వేసిండు, అంతే. గవ్వ పడ్డ తీరుకు గుణం అని పేరు పెట్టిండ్రు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె టక్కున అన్నది, "సార్, ఎవరింట్ల పుట్టినం అనేది గూడ ఇట్లనే గదా." కర్మ సిద్ధాంతం మీద నేను గంటసేపు చెప్పినా అంత మాట రాకపోతుండె. పుట్టుక గవ్వ, దానికి మెరిట్ అని పేరు. రిజర్వేషన్ల మీద కారుకూతలు కూసేటోళ్ళకు ఆ పిల్లను చూపెట్టాలె. తెల్లోళ్ళు ఈ ఆటను ఎత్తుకపోయి పేర్లన్ని తీసేసి పాములు–నిచ్చెనలు అని ఉత్త ఆట చేసిండ్రు. మన ఇంట్లో పిల్లలకు కొంటే ఆ ఉత్త పటమే కొనండి, లేకుంటే పేర్లున్న పటమే కొని పేర్లు చదివిపించి అడగండి.

చదరంగం నాకు ఇష్టం. మన వరంగల్ పిల్లగాడు ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటితే బడిలో పిల్లలకు లెక్కల పాఠం ఆపి చెప్పిన. అయినా అందులో బంటు అంటేనే నౌకరు. ముందుకే పోవాలె, వెనకకు రావొద్దు, రాజు కోసం ముందు చావాలె. ఎనిమిదో వరుసకు చేరిన బంటు మంత్రి అయితది, నిజమే. మంత్రి అయినంక గూడ ఆ రాజునే కాపాడాలె. అసెంబ్లీకి పోయిన మనోళ్ళను కొందరిని చూస్తే నాకు ఈ ఆటే యాదికొస్తది.

నా మనసు పులి–మేక మీదనే. వాడల్లో ముసలోళ్ళు ఉన్నప్పుడే పిల్లలకు ఇది అందియ్యాలె, అందుకే కొంచెం వివరంగ చెప్త. కొండ ఆకారంలో గీతలు, మొత్తం 23 చుక్కలు. పులులు మూడు, మేకలు పదిహేను. పులులు ముందే కొండ కొన మీద కూసుంటయి. మేకలు ఒక్కొక్కటే పటం మీదికి రావాలె. పదిహేను వచ్చేదాక ఏ మేక జరగొద్దు. పులి మాత్రం మొదటి నుంచి తిరుగుతది, మేక మీదికెల్లి దూకి తింటది. మేకకు కోరలు లేవు, కొమ్ములు లేవు, పులిని చంపే నియమమే లేదు. ఇంత అన్యాయపు ఆట ఇంకొకటి ఉంటదా అనిపిస్తది. కాని తెలిసినోడు మేకలు పట్టుకుంటే పులి గెలవడం కష్టం. ఎందుకు? మేక వెనక చుక్క ఖాళీగ ఉంటేనే పులి దూకగలదు. వెనక ఇంకొక మేక ఉంటే దూకలేదు. అంచు చుక్కల మీది మేకకు అవతల చోటే ఉండదు, అటు దిక్కు దూకడానికి లేదు. అంచుల నుంచి జంటలు జంటలుగ కట్టుకుంట వస్తే, పులులు కదలకుంట బిగుసుకుంటయి. చంపుడు లేదు, కదలనియ్యకపోవుడే గెలుపు.

కొత్త పిల్లలు చేసే పని ఒకటుంటది. నాలుగు మేకలు పెట్టంగనే పులి ముందుకు పోయి నిలబెడుతరు, ధైర్యం అనుకొని. ఒంటరి మేక పోతది. రెండు పోతయి. ఐదారు పోయినంక కట్టడానికి మేకలే మిగలవు. ఒక ఆటోడ్రైవరు తమ్ముడు మూడు ఆదివారాలు వరుసగ ఓడి, నాలుగో ఆదివారం ఒక్క మేక పోకుండ మూడు పులులను కట్టేసిండు. కట్టేసింది ఎవరినో చెప్పనా? ఎరువుల దుకాణంలో గుమస్తా, ఆ తమ్ముడు పొద్దున బస్తాలు మోసే దుకాణం. ఆయన నవ్వి, "ఇంకో ఆట" అన్నడు. ఆ "ఇంకో ఆట" అనే మాట వరండా మీద అంటడా? అంటడేమో. కాని ఆ తమ్ముడు మాత్రం వరండా మీద అట్ల కట్టేసే ముందు ఒకసారి ఇంట్లోకి చూస్తడు. ఎవరు చూస్తున్నరో అని. నా భయం అదే.

మా గుంపులో బుద్ధుడిని చదివిన ఒక అన్న వేరే అభ్యంతరం తెచ్చిండు. దీఘనికాయంలో మొదటిదైన బ్రహ్మజాల సుత్తంలో ఎనిమిది గళ్ళ పటం, పది గళ్ళ పటం, పాచికలు ఇవన్ని శ్రమణుడికి తగనివని ఉన్నయి గదా అని. ఉన్నయి. లోకంలో పటం ఆటల పాత జాబితాల్లో అది ఒకటి. కాని అది భిక్షువు నడతకు చెప్పింది. ఇల్లు వాకిలి ఉన్నోడికి, సిగాలుడికి చెప్పిన సుత్తంలో ఆయన పట్టుకున్నది జూదాన్ని. గెలిస్తే పగ, ఓడితే పైసలకు ఏడుపు, జూదగాడి మాట సభలో చెల్లదు, వాడికి పిల్లనియ్యరు. మన వాడలకు పక్కా సరిపోతది. పేకాటలో పోయిన ఎకరాలు మనకు తెలుసు, సెల్‌ఫోను రమ్మీలో పోయిన ట్రాక్టరు కిస్తులు గూడ తెలుసు. తెలంగాణలో పైసల ఆన్‌లైన్ ఆటలను 2017లో చట్టం మార్చి బందు పెట్టిండ్రు, 2025లో కేంద్రం దేశమంతటికి చట్టం తెచ్చింది. చట్టం ఫోనులో ఉన్నదాన్ని ఆపగలదేమో గాని, ఆ చేతిలో ఇంకొకటి పెట్టదు. అది మనం పెట్టాలె. బుద్ధుడి పేరు మీద ఆట వద్దనే అన్నకు ఇంకో మాట గూడ చెప్పిన. సాగర్ నీళ్ళల్ల మునిగిన నాగార్జునకొండ లోయలో, అన్ని విహారాల నడుమ, నాలుగు దిక్కుల మెట్ల వరుసలున్న ఇక్ష్వాకుల నాటి ప్రదర్శనశాల తవ్వకాల్లో బయటపడ్డది. దాన్ని ఎత్తి అనుపులో మళ్ళ కట్టిండ్రు. పోయి చూడండి. బౌద్ధం వెలిగిన లోయలో జనం కూసొని చూసిన జాగా అది.

పిల్లలు చాంపియన్లు కావాలని నేను ఇదంతా చెప్పట్లేదు. అయితే వద్దంటనా? ఉగాండాలో కాంపాలాలోని కత్వే మురికివాడలో ఒక టీచరు గంజి పోసి చదరంగం నేర్పితే, ఆ గంజి కోసం వచ్చిన ఫియోనా ముటేసి అనే పిల్ల 2010లో తన దేశం తరఫున ఒలింపియాడ్‌లో ఆడింది. చెన్నైలో ఆటోడ్రైవరు బిడ్డ కాజిమా 2024లో అమెరికా పోయి క్యారం ప్రపంచ కప్పులో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆ తండ్రే పేద పిల్లలకు క్యారం నేర్పే మనిషి. గంజి, ఒక గది, నేర్పే ఒక మనిషి. పెద్ద అకాడమీ లేదు.

నా మాట మీద రెండు పోట్లు వచ్చినయి. వాడలో పెడితే మిగతా కులాలోళ్ళు రారు, మళ్ళ మనం మనమే మిగులుతం అన్నరు. వచ్చేటోళ్ళు వస్తరు. అడిగిన, రామన్నోళ్ళు ముగ్గురే. గుమస్తా వస్తనన్నడు, పింఛను ముసలాయన "నాకు దగ్గర పడతది" అన్నడు. రెండేండ్లుగా మనం వాళ్ళ దిక్కు నడిచినం, ఇప్పుడు వాళ్ళు నాలుగు వీధులు మన దిక్కు నడిస్తే అరిగిపోరు. రెండో పోటు గట్టిది, అది మనోళ్ళే పొడిచిండ్రు: హాలు ఉన్నది మాల వాడలో, మాదిగ పిల్లలు వస్తరా? తండా పిల్లలు వస్తరా? దీనికి నాకాడ నున్నటి జవాబు లేదు. మన నడుమ గూడ చిన్న చిన్న అరుగులు కట్టుకున్నం. ఒక ఆదివారం ఈ వాడ, ఒక ఆదివారం ఆ వాడ, సంచి మోసుకొని తిరుగుదాం అని చెప్పిన. పటం గుడ్డ మీద గీసిందే, చుట్టి చంకలో పెట్టుకోవచ్చు.

ఆడపిల్లల సంగతి అందరు మర్చిపోతరు. వైకుంఠపాళి కాడ ఆ మాటన్న పిల్ల ఏడింటికే లేచి పోతది. ఓనగుంటలు, గవ్వలు, కచ్చకాయలు అన్ని బతికించింది ఆడోళ్ళు. ఇప్పుడు బోర్డులు, గది, కుర్చీలు వచ్చేసరికి మగోళ్ళం కూసున్నం. పెద్దమనిషి వరండా మీదికి ఏ తల్లి గూడ బిడ్డను రాత్రి పూట పంపదు, నేనైతే పంపను. వాడ హాలుకు తల్లులే వస్తరు, పక్కన కూసొని గవ్వలు వేస్తరు. అప్పుడు ఏడు గంటలు ఎనిమిది అయితది.

వచ్చే ఆదివారం నుంచి హాల్లోనే. తాళంచెవి వాడ పెద్ద కాడ ఉన్నది, ఐదున్నరకు తీస్తనన్నడు. ఊడ్చే పని వంతులు వేసుకున్నం, టీచర్లతో మొదలు. ఫ్యాను బాగుచేయడానికి మనిషికి ఇరవై రూపాయలు జమ చేస్తున్నం. పులి–మేక పటం గీయించుకోవాలంటే పక్క ఊర్ల కార్యకర్తలు ఒక పాత దుప్పటి ముక్క, నల్లరంగు తీసుకొని రండి, గీసిస్తం. హాలు ముందు స్తంభానికి బల్బు లేదు. మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టి పదకొండు రోజులైంది. వచ్చే ఆదివారం దాక పెట్టకపోతే, సోమవారం పొద్దున పదింటికి ఆఫీసు ముందు మెట్ల మీద పటం పరుస్తం. రావాలనుకున్నోళ్ళు గవ్వలు తెచ్చుకోండి.